కాళీ కాదు

అమ్మ పోయిన రెండో నెలలో, భిలాయ్ సెక్టర్ 7లోని మా క్వార్టర్ అప్పగించడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. సామానంతా ఎవరెవరికో ఇచ్చేశాక ఇనప బీరువా ఒక్కటే మిగిలింది. దాని అడుగు అరలో, కట్టకుండా దాచుకున్న రెండు నేత చీరల మడతల మధ్య, ఎవరిదో పెళ్ళి శుభలేఖ కవరు దొరికింది. కలరా ఉండల వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. కవరు మీద చెయ్యి వెయ్యగానే లోపల గుండ్రంగా తగిలింది. తీసి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. ఆ సీడీని అమ్మ చేతిలో పెట్టింది నేనే. అందులో ఏమీ లేదన్న సంగతి నాకూ అమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదని ఇరవై ఏళ్ళు పైబడి నమ్ముతూ వచ్చాను. కవరును అలాగే సంచిలో పడేసుకుని, బీరువా తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి తలుపు తీశాను.

అప్పట్లో నేను రాయపూర్‌లో హాస్టల్లో ఉండి కంప్యూటర్ చదువు చదివేదాన్ని. శనివారం మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేసేదాన్ని. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను పక్కన కంప్యూటరు, దాని మీద అమ్మే కుట్టిన పువ్వుల ముసుగు. సెక్టర్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో సీడీ రాసే డ్రైవు ఉన్న కంప్యూటరు మాదొక్కటే కావడంతో మా గుమ్మం ముందు ఎప్పుడూ నాలుగు జతల చెప్పులుండేవి. భిలాయ్‌లో తెలుగు సినిమా అంటే కరువు సరుకు. నాన్నతో పాటు ఉక్కు కర్మాగారం రైల్ మిల్లులో చేసే సింహాచలం మావయ్య విజయనగరం వెళ్ళినప్పుడల్లా ఎవరెవరి దగ్గరో సినిమాలు సంపాదించి, దుర్గ్ స్టేషన్లో దిగి, సంచి కూడా ఇంట్లో పెట్టకుండా తిన్నగా మా ఇంటికి వచ్చేవాడు. "సుజ్జమ్మా, బేగి కాపీ తీసీయమ్మా, సాయంత్రానికి ఉతై ఊళ్ళో మా తోడల్లుడికి ఇచ్చీయాల" అనేవాడు. ప్రతిసారీ సాయంత్రమే గడువు. ఆ తోడల్లుణ్ణి నేనెప్పుడూ చూడలేదు గాని, అతని మీద నాకు చాలా కోపంగా ఉండేది.

ఒక సీడీలో ఎనభై నిమిషాలు పడుతుంది. అంతే, దాని పొట్ట అంత. నాన్నకి ఇష్టమైన పాత సినిమాలు మూడు గంటలకి తక్కువుండవు. రెండు సీడీలు పెడితే నూట అరవై నిమిషాలు. మిగిలిన ఇరవై నిమిషాలు ఎక్కడో ఒకచోట కొయ్యాలి. మూడో సీడీ పెట్టొచ్చు కదా అంటే, సీడీలు కూరగాయల్లా దొరికే రోజులు కావు, పైగా మూడుసార్లు లేచి మార్చాలంటే మా అమ్మకి విసుగు. అందుకని కొయ్యడం నా పనయింది. ఆ పనిలో ఆరితేరాను కూడా. ముందు పేర్లు పోయేవి. తర్వాత రెండో హీరోయిన్ పాట. తర్వాత పనివాళ్ళ హాస్యం. అప్పటికీ ఇమడకపోతే ఉత్తరాలు చదువుకునే సీన్లూ, రైలు కోసం ఎదురుచూసే సీన్లూ తీసేసేదాన్ని. కథకి అక్కర్లేని మనుషుల్ని నిమిషాల లెక్కన ఏరి పారేసేదాన్ని. దానికి నాకు గర్వంగా కూడా ఉండేది. ఇరవై ఏళ్ళప్పుడు ఏది అవసరమో ఏది కాదో మనకి తెలిసినంత ఖచ్చితంగా మళ్ళీ ఎప్పుడూ తెలియదు.

అమ్మ తిట్టేది. "అత్తారింటికి ఎల్తున్న పిల్ల గుమ్మం దాటనే లేదు, తెల్లారేసరికి సంకలో గుంట! ఏటే ఇది, నీ కత్తెర పాడుగాను?" కానీ నాన్న తిట్టేవాడు కాదు. ఆ కోతలు నాన్నకి పండగ. నేను ఎక్కడ కోశానో అక్కడ బొమ్మ ఒక్క క్షణం ఉలిక్కిపడేది. నాన్న వెంటనే పడక్కుర్చీలో ముందుకు వంగి, చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి, ఆగండి. ఇక్కడ మా సుజ్జమ్మ కోసీసింది. ఇక్కడేటవుద్దంటే..." అని అందుకునేవాడు. టీవీ ఆపాల్సిందే. తప్పిపోయిన సీను మొత్తం నాన్న చెప్పేవాడు. అత్తగారి గొంతు, కోడలి గొంతు, రైలు కూత, వాన చప్పుడు అన్నీ ఆయనే. బీడీలతో గరుకెక్కిన గొంతు, మిల్లు చప్పుడులో మాట్లాడి మాట్లాడి పెద్దదైన గొంతు. ఆయన చెప్పే సీను నేను కోసిన సీను కంటే ఎప్పుడూ పొడుగే. కొన్నిసార్లు సినిమాలో లేని మనుషులు కూడా అందులోకి వచ్చేవాళ్ళు. షిఫ్టు నుంచి వచ్చి గేటు దగ్గర సైకిలు దిగుతూనే "సుజ్జమ్మా!" అని ఒక్క కేక పెట్టేవాడు. పై అంతస్తులో సరితా దీదీ పాప నిద్రలో ఉలిక్కిపడేది. నేను మాత్రం మొదటి కేకకి ఏనాడూ పలకలేదు. రెండోదానికీ పలికేదాన్ని కాదు. పుస్తకంలోంచి తల ఎత్తకుండా మూడో కేకకి "ఊఁ" అనేదాన్ని.

ఇక్కడ మా ఇంటి గ్యాస్ సిలిండర్ల గురించి చెప్పాలి. మాకు రెండుండేవి. ఏది అయిపోయిందో ఏది కాలేదో గుర్తుకి అమ్మ వాటి మీద సుద్దముక్కతో రాసేది. మూడో తరగతితో చదువాపేసిన అమ్మ ఖాళీని "కాళీ" అనే రాసేది. అయిపోయిన దాని మీద "కాళీ". నిండుదాని మీద "కాళీ కాదు". చిన్నప్పుడు ఆ మాట ఎవరో చదివి చెప్తే, పేలకుండా అమ్మవారి పేరు రాసిందేమో అనుకున్నాను. మా పక్క క్వార్టర్ బెంగాలీ వాళ్ళు ఏటా కాళీపూజ చేసేవాళ్ళు మరి. నాన్నకి ఆ రాత నచ్చేది కాదు. "ఇంట్లో వస్తువు మీద కాళీ అని రాయకూడదే. నిండుకుంది అని రాయాల" అనేవాడు. అమ్మ ఊరుకునేదా? "రాసినాను కదా ఒకపాలి! నిండుకుందని రాస్తే నిండుగా ఉందనుకుని నువ్వు దాన్ని పొయ్యికి పెట్టినావు, సగం వంటలో ఆరిపోయింది. నీ శాస్త్రం నీ కాడే ఉంచుకో!" అనేది. అలా మా ఇంట్లో కాళీ, కాళీ కాదు స్థిరపడ్డాయి. హిందీ మీడియంలో చదువుకున్న నాకు తెలుగు నోటికి వచ్చుగాని కంటికి రాదు. ఒక మాట ఉంటే ఖాళీ, రెండు మాటలుంటే నిండు. నాకు చదవడం వచ్చిన తెలుగు అంతే.

ఆ ఏడాది నా పరీక్షలప్పుడు నాన్న గొంతు బొంగురుపోయిందని విన్నాను. జలుబన్నారు. పరీక్షలు రాస్తున్న పిల్లకి ఇంట్లో జబ్బు సంగతి చెప్పకూడదన్నది మా వాళ్ళందరి వేదం. ఆఖరి పరీక్ష రాసి ఇల్లు చేరేసరికి తలుపుకి తాళం ఉంది. సరితా దీదీ పైనుంచి దిగివచ్చి తాళంచెవి చేతిలో పెట్టి, "అంకుల్ కా ఆపరేషన్ హో గయా, సబ్ ఠీక్ హై" అంది. అంతా బాగుందంటూనే కళ్ళు తుడుచుకుంది. ఆసుపత్రికి పరిగెత్తాను. నాన్న మెడ నిండా కట్టు. స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. నన్ను చూసి చెయ్యి ఊపాడు. పెదాలు కదిలాయి. ఆ కదలిక నా పేరేనని తెలుస్తూనే ఉంది. వాటిలోంచి గాలి కూడా రాలేదు.

నాన్నని ఇంటికి పంపించే ముందు రోజు మధ్యాహ్నం సింహాచలం మావయ్య ఒక పాత సినిమా పట్టుకొచ్చాడు. నాన్న కుర్రతనంలో పదిసార్లు చూసి, మాకు వందసార్లు చెప్పిన సినిమా. "మీ నాన్న కోసమే ఎతికి ఎతికి తెచ్చినాను తల్లీ. సాయంత్రానికి ఇచ్చీయాల" అన్నాడు. అమ్మ ఆసుపత్రిలో ఉంది. పెట్టె వెతికితే కొత్త సీడీ ఒక్కటే ఉంది. మార్కెట్టుకి వెళ్ళి వచ్చేంత వ్యవధి లేదు. పెట్టె అడుగున చెరిపి మళ్ళీ రాసుకునే రకం సీడీ ఒకటి కనిపించింది. అవి ప్రయోగాలకని నేనే కొనుక్కున్నవి. దాని మీద, మధ్య చిల్లుకి పైన, అమ్మ చేతిరాత. ఒకటే మాట. సిలిండర్ మీద చూసిన మాట. కాళీ. అమ్మకి ఎంత తెలివే అనుకుని ముచ్చటపడ్డాను. చిల్లుకి కింద, కంపెనీవాళ్ళ అచ్చు గీతల్లో కలిసిపోయి, ఇంకా ఏదో గీతలున్నాయి. అవి నేను చూడలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చూశాను. తొందరలో ఉన్నాను. డ్రైవులో పెట్టగానే, ఇందులో ఏదో ఉంది, చెరపమంటావా అని కంప్యూటరు అడిగింది. నా పాత ప్రయోగమే కాబోలు అనుకుని చెరపమన్నాను. అది పూర్తిగా చెరిపేదాకా ఎదురుగా కూర్చుని జామకాయ తిన్నాను.

మర్నాడు నాన్నని ఇంటికి తీసుకొచ్చాం. పడక్కుర్చీలో దిండ్లు వేసి కూర్చోబెట్టి సినిమా పెట్టాను. నాన్న మొహం వెలిగింది. మొదటి సీడీ సగంలో నా కోత వచ్చింది. బొమ్మ ఉలిక్కిపడింది. నాన్న ముందుకు వంగాడు, చెయ్యి అడ్డం పెట్టాడు, నోరు తెరిచాడు. ఆ చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉండిపోయింది. సినిమా ఆగలేదు. ఆపాలని నాకు తోచలేదు. తర్వాత ఎన్ని కోతలొచ్చినా నాన్న మళ్ళీ ముందుకు వంగలేదు. నేను పారేసిన మనుషులందరూ ఆ మధ్యాహ్నం నిజంగా పోయారు. తల ఎత్తి నాన్న మొహం చూడలేకపోయాను.

మొదటి సీడీ అయిపోయింది. రెండోది తీసి ప్లేయర్లో పెట్టబోతుంటే మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చిన అమ్మ నా చేతిలోకి చూసింది. గ్లాసు నాన్నకి అందించింది. "సుజ్జీ, ఒకపాలి వంటింట్లోకి రా" అని మామూలుగానే పిలిచింది. వంటింట్లోకి వెళ్ళగానే కుళాయి పూర్తిగా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు చాటున, "అది నీ చేతికెలగొచ్చింది?" అంది.

"పెట్టెలో ఉంది కదమ్మా. కాళీ అని నువ్వే రాశావు."

"కింద?"

సీడీని అమ్మకి అందించాను.

"కింద ఏటి రాసుంది, సుజ్జీ?"

సీడీని కిటికీ వెలుగులోకి తిప్పింది. అచ్చు గీతల మధ్య అమ్మ వేలు పెట్టి చూపించిన రెండక్షరాలు కూడబలుక్కుని చదివాను. కా. దు.

ఆపరేషన్‌కి నాలుగు రోజుల ముందు, మాట పోతుందని డాక్టర్లు చెప్పాక, అమ్మ నాన్నని సరితా దీదీ ఇంటికి తీసుకెళ్ళిందట. దీదీ తన కంప్యూటర్‌కి మైకు తగిలించి నాన్న చేత మాట్లాడించిందట. సీడీ కావాలంటే అమ్మ మా పెట్టెలోంచి చేతికందింది పట్టుకెళ్ళింది. తన కంప్యూటర్లో జాగా చాలక దీదీ మూడో రోజునే అక్కడిది తీసేసింది. పిల్ల వస్తే తెలియక చెరిపేస్తుందేమోనని, తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో అమ్మ దాని మీద గుర్తు రాసి మళ్ళీ పెట్టెలోనే పెట్టింది. "ఏం మాట్లాడాడమ్మా?" అని అడిగాను. అమ్మ కుళాయి కట్టేసి, మళ్ళీ తిప్పింది. "ఊరి కబుర్లే సెప్పినాడు. రైలెక్కి ఇక్కడికొచ్చిన కత సెప్పినాడు. ఆకర్న నిన్ను పిలిచినాడు. గేటు కాడ నించి పిలిచినట్టే, మూడుపాలు. మజ్జ మజ్జలో ఆగినాడు. ఏటి ఆగినావంటే, అది మూడోపాలికి గాని పలకదు కదా అన్నాడు."

ఆ సాయంత్రం రెండో సగం మేం చూడలేదు. సీడీ పాడైందని నాన్నకి అబద్ధం చెప్పాం. మర్నాడు దుర్గ్ స్టేషన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి మనిషి మంచివాడు. గంటసేపు తంటాలు పడి, "దీదీ, మొత్తం తుడిచేసి, దాని మీద ఇంకోటి రాశారు. కుఛ్ నహీఁ బచా, ఏమీ మిగల్లేదు" అని రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఇంటికొచ్చి, ఆ సినిమా నా కంటపడకూడదని దాన్నీ చెరిపేశాను. ఒట్టి సీడీని అమ్మ చేతిలో పెట్టాను. "మీ నాన్నకి సెప్పకు. ఉందనుకోనీ" అని అమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాత ఒకటి రెండుసార్లు నాన్న గొంతు చూపించి, వేలు గుండ్రంగా తిప్పి, అది పెట్టమని సైగ చేశాడు. "ఇప్పుడొద్దు, నాను ఏడుస్తాను" అని అమ్మ దాటేసింది. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశాడు.

నాన్న ఆ తర్వాత ఆరేళ్ళున్నాడు. పలక మీద రాసి చూపించేవాడు. హిందీ గడగడా మాట్లాడిన మనిషే గాని రాయడం రాదు. వచ్చింది తెలుగొక్కటే. అది నాకు చదవడం రాదు. నాన్న ఏదన్నా రాస్తే నేను పలక పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తేదాన్ని, అమ్మ చదివి చెప్పేది. కన్నతండ్రితో మాట్లాడటానికి దుబాసీ కావలసి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు తెలుగు నేర్చుకున్నాను. నాన్నే నేర్పాడు, నోరు లేకుండా. అక్షరం రాసేవాడు, అదేమిటో చూపించడానికి వస్తువు తెచ్చేవాడు. నా ళ కి తోక సరిగ్గా కుదరలేదని నా చెయ్యి పట్టుకుని దిద్దించేవాడు. ఒకసారి సంతకి వెళ్తుంటే పలక చూపించాడు. నా అంతట నేనే చదివి వెళ్ళాను. ఉల్లిపాయలు తప్ప అన్నీ తెచ్చాను. ఉల్లిపాయలేవని అమ్మ అడిగితే, "నిండుకున్నాయని రాశాడుగా నాన్న, నిండుగా ఉన్నాయనుకున్నాను" అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుని నాన్న వైపు తిరిగింది. "ఒకప్పుడు నువ్వు సేసిన పనే ఇదీ సేసింది! నిండుకోడమంటే అయిపోడమే. అయిపోయిందని అనకూడదని అలగ అంటారు." నాన్న నవ్వాడు. భుజాలు ఎగిరిపడ్డాయి, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, చప్పుడు మాత్రం లేదు. ఆపరేషన్ తర్వాత ఆయన అంతగా నవ్వడం ఆ ఒక్కసారే చూశాను.

నన్ను తెలుగు రచయిత్రి అంటారిప్పుడు. భిలాయ్‌లో పుట్టి తెలుగెలా పట్టుబడిందని సభల్లో అడుగుతారు. మాతృభాష మీద మమకారం అని ఏదో చెప్పి తప్పించుకుంటాను. నిజం చెప్పే ధైర్యం ఇన్నాళ్ళూ లేకపోయింది. నా ఫోనులో ఇప్పుడు జాగాకి కొదవ లేదు. మా అబ్బాయి పాలవాడితో మాట్లాడిన మాటలు కూడా అందులో పడి ఉంటాయి, ఎవరూ వినరు, ఎవరూ చెరపరు. వంద సినిమాలు కొయ్యకుండా పడతాయి. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్న బాధే లేదు. ఎనభై నిమిషాల జాగాలో నేను పోగొట్టుకున్నదాన్ని మాత్రం ఇంత జాగాలోనూ ఎక్కడా పెట్టలేను. నాన్న గొంతు గుర్తుందా అని నన్ను నేను అడుగుతుంటాను. మాటలు గుర్తున్నాయి. గరుకు గుర్తుంది. ఆ కేక ఎంత పైకి లేచేదో గుర్తు రావడం లేదు.

తాళాలు అప్పగించి దుర్గ్‌లో రైలెక్కాను. బండి కదిలాక సంచిలోంచి ఆ శుభలేఖ కవరు తీశాను. సీడీ చేతిలోకి వచ్చింది. చిల్లుకి పైన అమ్మ రాత, కాళీ. కింద అచ్చు గీతల్లో, కాదు. ఆ "కాదు" మీద అడ్డంగా ఒక సన్నటి కొట్టివేత ఉంది. అది నేను ఎప్పుడూ చూడలేదు. దాని కింద, అంచు వంపు వెంబడి, పొందికైన చిన్న అక్షరాలు. అమ్మవి కావు. ఏ అక్షరాలు చూసి నేను రాయడం నేర్చుకున్నానో, అవి.

నాన్నకి తెలుసు. మేమిద్దరం ఇంట్లో లేని ఏదో పూట బీరువా తాళం తీసి, తన గొంతు తను విందామని ప్లేయర్లో పెట్టుకుని ఉంటాడు. లోపల ఏమీ లేదని చూసి, యథాస్థానంలో పెట్టేసి ఉంటాడు. తర్వాత నేను వచ్చాక పలక తీసి, నా ళ కి తోక దిద్దించి ఉంటాడు. అమ్మ కూడా అది చూసే ఉంటుంది, చూసి నాకు చెప్పకుండా చీరల మధ్యకి తోసి ఉంటుంది. ముగ్గురం ఒకే సంగతి ఒకరి దగ్గర ఒకరం దాచుకుంటూ ఒకే గదిలో ఆరేళ్ళు బతికాం.

సీడీని కిటికీ వెలుగులోకి తిప్పాను. తొందరేమీ లేదు. మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఈసారి చివరి అక్షరం దాకా చదివాను.

నిండుకుంది.